పైకి కాదు సామీ, కింద చూడు: శేషాచలం అడవిలో చెట్లను గుర్తుపట్టడం

నేను ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. అందులో పదకొండేళ్ళు తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా తలకోన పోయే బండి నాది. చెట్ల గురించి నాకు తెలిసింది ఆ బస్సులోనే మొదలైంది. నెరబైలు దగ్గర ఒక యానాది తాత ఎక్కేవాడు. చేతిలో ఎప్పుడూ ఏదో మూట ఉండేది. ఒకరోజు కుంకుడుకాయలు, ఒకరోజు ఉసిరికాయలు, ఇంకోరోజు తేనె డబ్బా. ఒకసారి తలకోనలో బండి గంటసేపు ఆగితే ఆయన వెంట కాస్త లోపలికి నడిచాను. నేను మెడ వెనక్కి వంచి కొమ్మల్లోకి చూస్తూ "తాతా, ఇదేం చెట్టు, అదేం చెట్టు" అని అడుగుతుంటే ఆయన నవ్వి, "పైకి కాదు సామీ, కింద చూడు" అన్నాడు.

అది మార్చి నెల. పైన చూస్తే ఒక్క ఆకు లేదు. కింద చూస్తే ఏ చెట్టు కింద ఆ చెట్టు తన కాయలు, తొక్కలు, ఎండాకులు పరిచి పెట్టుకుని ఉంది. శేషాచలం, వెలికొండ, నల్లమల, ఎక్కడైనా మన అడవుల్లో ఎక్కువ భాగం ఆకు రాల్చే అడవే. ఏడాదిలో మూడు నాలుగు నెలలు ఆకు చూసి గుర్తుపడదామంటే కుదరదు. పువ్వు చూద్దామంటే అది పది పదిహేను రోజుల ముచ్చట. అందుకే నేను చెప్పే పద్ధతి కింద నుంచి మొదలవుతుంది: ముందు నేల, తర్వాత బెరడు, ఆ తర్వాతే ఆకు. పువ్వు దొరికితే అదృష్టం.

ముందు ఒక రూటు పట్టుకోండి

కొత్తవాళ్ళు చేసే తప్పు ఏమిటంటే, ఈ ఆదివారం తలకోన, వచ్చే ఆదివారం నల్లమల, ఆపై వారం మారేడుమిల్లి అని తిరుగుతారు. ఫొటోలు వేలల్లో ఉంటాయి, చెట్టు మాత్రం ఒక్కటీ గుర్తుండదు. కండక్టరుకు ప్యాసింజర్లు ఎలా గుర్తుంటారు? ఆధార్ కార్డు చూసి కాదు. రోజూ అదే స్టేజీలో, అదే వేళకు, అదే సంచితో ఎక్కుతుంటే గుర్తుంటారు. చెట్టు కూడా అంతే.

ఒకే దారి ఎంచుకుని ఏడాదిలో నాలుగైదు సార్లు నడవండి. తిరుపతి వాళ్ళకైతే శ్రీవారి మెట్టు కంటే మంచి బడి లేదు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే ఆ దారిలో మెట్లు 2,400కు కాస్త తక్కువ. అడవి రెండు పక్కలా చేతికందేంత దగ్గర్లో ఉంటుంది, విడిగా అనుమతి పత్రం అక్కర్లేదు. నేను ఆ దారిని పన్నెండు స్టేజీలుగా విడగొట్టుకున్నాను. ఒక్కో స్టేజీకి ఒక్కో చెట్టు. ఆయాసం తీర్చుకోవడానికి ఎలాగూ ఆగుతాం కదా, ఆగిన చోట చెట్టును చూడటమే. పన్నెండు చెట్లు బాగా వస్తే, ఆ అడవిలో మీ కంటికి పడేవాటిలో చాలావరకు పట్టేసినట్టే, ఎందుకంటే అవే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి.

దారి దిగి లోపలికి మాత్రం పోకండి. ఇది ఊరికే చెప్పే మాట కాదు. శేషాచలం అడవిలో ఎర్రచందనం దొంగల కోసం నిఘా గట్టిగా ఉంటుంది. చేతిలో కత్తి, వీపున సంచి పెట్టుకుని "ఆకులు చూస్తున్నాను సార్" అంటే ఎవరూ నమ్మరు. లోపలి దారులు చూడాలంటే ముక్కోటి రోజులున్నాయి. మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం తెరుస్తారు. పాపవినాశనం నుంచి తుంబురు తీర్థానికి వాగు వెంబడి పోయే దారి చెట్ల పిచ్చోళ్ళకు పండగే. మిగతా రోజుల్లో అటవీశాఖ అనుమతి ఉంటేనే.

కింద ఏం రాలింది

చెట్టు దగ్గరికి పోగానే మొదలు చుట్టూ నాలుగడుగుల మేర నేల చూడండి. కాయలు, గింజలు, తొక్కలు, ఎండాకులు కనిపిస్తాయి. ఒక జాగ్రత్త: గాలికి పక్క చెట్టు కాయలు కూడా వచ్చి పడతాయి. ఒకటి రెండు దొరికితే లెక్క చేయొద్దు. గుప్పెడు దొరికితేనే ఆ చెట్టువని అనుకోండి.

మన అడవిలో చాలా చెట్లు గింజల్ని గాలికి ఇచ్చి పంపిస్తాయి. అందుకే వాటి కాయలకు రెక్కలుంటాయి. ఆ రెక్కలు చూస్తే పేరు చెప్పేయొచ్చు. గుండ్రంగా, అప్పడంలా పలచగా, మధ్యలో గింజ ఉన్న చోట మాత్రం ఉబ్బెత్తుగా ఉంటే ఎర్రచందనమో, వేగిసో. అంగుళానికి పైగా పొడవున్న గట్టి కాయకు నిలువునా ఐదు రెక్కలు, నక్షత్రాకారపు కామరక్కాయను ఎండబెట్టినట్టు ఉంటే మద్ది. ఒక గింజకు రెండు పొడవాటి రెక్కలు పైకి నిలబడి ఉండి, ఎగరేస్తే హెలికాప్టర్ లాగా గిరగిరా తిరుగుతూ దిగితే తనుకు. ఒకే ఒక పలచటి రెక్క, చిన్న రిబ్బను ముక్కలా, ఒక కొసన గింజ ఉంటే నారేపి. కడప, అనంతపురం వైపు వాళ్ళకు ఇది బాగా తెలుసు. అడుగున బొడిపె, దానికి ఐదు రెక్కలు, అందులో మూడు పెద్దవి రెండు చిన్నవి, షటిల్ కాక్ లాగా ఉంటే తంబ జాలారి. ఇది తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. దాని శాస్త్రీయ నామం షోరియా తుంబుగ్గాయా. పలికి చూడండి, మన 'తంబ' అందులో వినిపిస్తుంది.

మా చెల్లెలి కూతురు బీఎస్సీ బోటనీ చదివేటప్పుడు ఒకసారి వెంట తీసుకుపోయాను. తనుకు కాయ ఒకటి మెట్ల మీద నుంచి వదిలి, అది తిరుగుతూ దిగడం చూసి, "మామా, ఇది మా పుస్తకంలో ఒక లైను" అంది. ఆ పిల్ల ఆ రోజంతా కాయలు ఎగరేస్తూనే ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే ఇక్కడ మొదలుపెట్టండి, ఆకుల దగ్గర కాదు.

చూసి అక్కడే పెట్టేయండి. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం హద్దుల్లో ఒక కాయ కూడా ఇంటికి తేకూడదు, చట్టం ఒప్పుకోదు. ఎర్రచందనం అయితే ఎండు పుల్ల కూడా ముట్టుకోకండి.

మొసలి తోలు ముగ్గురు

నేల తర్వాత బెరడు. ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. తుంబురు తీర్థం దారిలో డిపో వాళ్ళం పదిమందిమి పోతున్నాం. నల్లగా, గళ్ళు గళ్ళుగా పగిలి, మొసలి వీపులా ఉన్న మాను కనపడింది. అప్పటికి నాకు చెట్లు తెలుసని డిపోలో పేరొచ్చేసింది. "ఇదీ ఎర్రచందనం అంటే" అని నిలబడి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను, దాని ధర, దొంగతనం, ఎగుమతి, అన్నీ. అందరూ దాన్ని పట్టుకుని ఫొటోలు దిగారు. వెనకాల వస్తున్న మెకానిక్ ఒకతను కిందికి వంగి ఐదు రెక్కల కాయ ఒకటి తీసి, "అన్నా, మరి ఇదేంది?" అన్నాడు. అది నల్లమద్ది. కింద చూడమని తాత చెప్పిన మాట నేనే మర్చిపోయాను.

మొసలి తోలు బెరడు మన అడవిలో ముఖ్యంగా మూడింటికి ఉంటుంది: ఎర్రచందనం, నల్లమద్ది, తునికి. మూడూ ఎండిన చోటే, కొన్నిసార్లు పక్కపక్కనే పెరుగుతాయి. బెరడు ఒక్కటే చూసి పందెం కాయొద్దు.

ఎర్రచందనం ఆకు మూడేసి ఆకులుగా ఉంటుంది. ఒక్కో ఆకు గుండ్రంగా, కొసన కొద్దిగా నొక్కినట్టు. కాయ అప్పడం. నల్లమద్ది ఆకు ఒంటరి, పొడవాటిది. ఆకు తిప్పి వెనకవైపు చూడండి. కాడకు దగ్గరగా, నడి ఈనె మీద చిన్న బుడిపెలు ఒకటో రెండో ఉంటాయి, ఆవగింజంత. అవి దొరికాయంటే మద్ది ఖాయం. తునికి ఆకు కూడా ఒంటరిదే కానీ మందంగా, తోలులా ఉంటుంది. అదే బీడీ ఆకు. తునికి పండు పసుపు రంగుకు మాగినప్పుడు కూడా తొడిమ దగ్గర టోపీ ఊడిపోదు. వేసవిలో కింద ఆ టోపీలే ఎండిపోయి పడి ఉంటాయి.

నల్లమద్ది గురించి ఇంకో మాట. ఈ మాను లోపల నీళ్ళు దాచుకుంటుంది. అడవిలో బతికేవాళ్ళకు ఇది ఎప్పటినుంచో తెలుసు. 2024లో పాపికొండల జాతీయ ఉద్యానవనంలో కొండరెడ్లు చెప్పిన మాట విని అటవీ సిబ్బంది ఒక మాను బెరడును గాటు పెడితే కుళాయి తిప్పినట్టు నీళ్ళు చిమ్మాయి. ఆ వీడియో అందరూ చూసే ఉంటారు. అది చూసి కనపడిన మద్ది చెట్టుకల్లా గాటు పెట్టకండి. అన్ని మానుల్లో నీళ్ళు ఉండవు, గాయం మాత్రం ప్రతి మానుకూ ఉంటుంది.

మొసలి తోలుకు పూర్తిగా ఎదురు రకం తపసి. బెరడు తెల్లగా, నున్నగా, కాగితంలా పొరలు పొరలుగా ఊడుతుంది. రాళ్ళ గుట్టల మీద, ఇంకేమీ మొలవని చోట నిలబడి ఉంటుంది. వెన్నెల రాత్రి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, ఎవరో తెల్లపంచె కట్టుకుని నిలుచున్నట్టు. దీని జిగురునే తపసి బంక అంటారు. దీనికి, కొండగోగుకు ఆకుల దగ్గర తికమక వస్తుంది, రెండింటి ఆకులూ అరచేతిలా ఐదు వేళ్ళుగా చీలి ఉంటాయి. బెరడు చూస్తే తగువు తీరిపోతుంది. కొండగోగు బెరడు గరుకుగా, బూడిద రంగులో ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో అయితే అసలు అనుమానమే రాదు. ఆకులేని కొమ్మల చివర చెయ్యంత పసుపు పూలు పెట్టుకుని కొండగోగు ఒక్కటే ఆ కొండకంతా లైటు వేసినట్టు ఉంటుంది.

చిరుమాను కూడా తెల్లటి రకమే. కానీ దాని బెరడు పొరలుగా కాదు, చిన్న చిన్న పెచ్చులుగా ఊడి, ఊడిన చోట గుంటలు పడి, అమ్మవారు పోసిన మొహంలా ఉంటుంది. కాయలు గుండ్రటి చొక్కా గుండీల్లా గుత్తిగా ఉంటాయి.

ఆకు దగ్గర అడగాల్సినవి

ఆకు చూసేటప్పుడు అందరూ ఆకారం చూస్తారు. ఆకారం చివర చూడాల్సింది. మొదటి ప్రశ్న: ఇది ఒక ఆకా, ఆకులో ముక్కా?

వేపాకు రెమ్మ తెలుసు కదా. మనం ఆకు అనుకునేది నిజానికి ఒక ఆకులోని చిన్న ముక్క, రెమ్మ మొత్తం కలిపి ఒక ఆకు. ఎలా తెలుసుకోవాలి? కాడ కొమ్మకు ఆనుకునే సందులో వేలు పెట్టి చూడండి. అక్కడ చిన్న మొగ్గ ఉంటుంది, బియ్యపు గింజంత, ఒక్కోసారి అంతకంటే చిన్నది. మొగ్గ ఉన్న చోట ఆకు మొదలవుతుంది. ఆ మొగ్గకు అవతల ఉన్నదంతా ఒకే ఆకు. రెమ్మ మీద ఉన్న చిన్న ముక్కల సందుల్లో ఎంత వెతికినా మొగ్గ దొరకదు. కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక కొమ్మ దగ్గర ఐదు నిమిషాలు కూర్చుని ఇది ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు. నాకు ఇది తెలియడానికి ఆరేళ్ళు పట్టింది, చెప్పేవాళ్ళు లేక.

ఇప్పుడు ఎర్రచందనానికీ వేగిసకూ తేడా తేలిగ్గా తెలుస్తుంది. రెండూ అన్నదమ్ములు, కాయ రెండింటిదీ అప్పడమే, గాయమైతే రెండింటికీ ఎర్రటి జిగురు కారుతుంది. ఎర్రచందనం ఒక ఆకులో ముక్కలు సాధారణంగా మూడు. వేగిసకు ఐదు నుంచి ఏడు. షుగరు తగ్గుతుందని సంతల్లో చెక్క గ్లాసులు అమ్ముతారే, ఆ చెక్క వేగిసది. తగ్గుతుందా లేదా అన్నది డాక్టరుని అడగండి, నన్ను కాదు.

మూడు ముక్కల ఆకు మోదుగకూ ఉంటుంది. కానీ అది విస్తరాకు కుట్టేంత పెద్దది, గరుకుది. ఎర్రచందనంతో కలవదు.

రెండో ప్రశ్న: ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? ఈ ఒక్క ప్రశ్నతో సగం చెట్లు పక్కకు పోతాయి. దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ మొగి. తిరుమల కొండల పైభాగాన, నేరేడు లాంటి చెట్టు ఒకటి ఉంటుంది, పండు కూడా నేరేడు తరహాదే. నేరేడుకు ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, ఆ కుటుంబం మొత్తానికీ దాదాపు అదే అలవాటు. మొగికి మాత్రం ఒకటి ఇటు, ఒకటి అటు. అందుకే శాస్త్రీయ నామంలోనే 'ఆల్టర్నిఫోలియం' అని పెట్టారు, అంటే ఆకులు ఒకటి విడిచి ఒకటి ఉండేది అని. ఇది కూడా మన తూర్పు కనుమల సొంత చెట్టే, అపాయంలో ఉన్న జాబితాలో ఉంది.

మూడోది ఈనెలు. ముష్టి, చిల్ల రెండింటికీ ఆకు మొదట్లోనే మూడు నుంచి ఐదు ఈనెలు బయలుదేరి కొస దాకా పోతాయి, ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. రెండూ ఒకే కుటుంబం. అయితే ఒకటి నీళ్ళు తేర్చేది, ఇంకోటి ప్రాణం తీసేది. చిల్లగింజను కుండ లోపల అరగదీస్తే మట్టి కిందికి దిగి నీళ్ళు తేటపడతాయి. మా అవ్వ చేసేది, నేను చూశాను. చిల్ల పండు చిన్నది, మాగితే నల్లబడుతుంది, లోపల ఒకటే గింజ. ముష్టి పండు నారింజ రంగులో, నారింజంత, చూస్తే నోరూరేలా ఉంటుంది. లోపల గుండీల్లాంటి చదును గింజలు. అది ఘోరమైన విషం. పిల్లలు వెంట ఉంటే ముందుగా చూపించాల్సిన చెట్టు ఇదే.

ఆరె, నారేపి కూడా ఇలాంటి జంటే. ఆరె ఆకు మేక గిట్టలా మధ్యలో చీలి ఉంటుంది, కానీ ఒకటే ఆకు. నారేపిలో ఆ రెండు భాగాలూ పూర్తిగా విడిపోయి, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటాయి.

పాలు, వాసన

కింద రాలిన పచ్చి ఆకు దొరికితే చిదిమి చూడండి. కొమ్మ విరవాల్సిన పని లేదు. బిల్లుడు ఆకు చిదిమితే నిమ్మజాతి వాసన ఘాటుగా వస్తుంది, అది మారేడు, వెలగ కుటుంబమే. రెమ్మకు చిన్న చిన్న ముక్కలు చాలా ఉంటాయి, ఒక్కో ముక్క ఒకవైపు లావు, ఒకవైపు సన్నం, కత్తెర తప్పి కత్తిరించినట్టు. వావిలి వాసన మనందరికీ తెలిసిందే, జలుబు చేసినప్పుడు ఆవిరి పట్టిన వాసన.

పాలు కారేవాటిలో అంకుడు, కొడిశపాల దగ్గర జనం చాలా పొరబడతారు. కొన్ని ఊళ్ళలో రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు కూడా. రెండింటికీ ఎదురెదురు ఆకులు, తెల్లటి పాలు, తెల్లటి పూలు, జంట కాయలు. తేడా కాయల్లోనే. అంకుడు కాయలు రెండూ పొడవుగా వేలాడుతూ కింద కొసలు కలిసి ఉంటాయి, పట్టకారులా. కొడిశపాల కాయలు మొదట్లో కలిసి, కొసలు విడివిడిగా వేలాడతాయి. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది అంకుడు కర్రతోనే. అక్కడి బొమ్మ మన ఇంట్లో ఉంటుంది, ఆ చెట్టు పక్కనుంచే నడిచిపోతాం, రెండూ ఒకటని తెలియదు.

ఊరి పేర్ల గురించి కూడా ఒక మాట. ఒకే చెట్టుకు రాయచోటిలో ఒక పేరు, శ్రీకాళహస్తిలో ఒక పేరు. ఎవరిది తప్పని తగువు పడొద్దు. ఇద్దరి పేర్లూ రాసుకోండి, పక్కన శాస్త్రీయ నామం తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. నేను అలాగే రాసుకుంటాను.

అడవిలో ఉన్నవన్నీ అడవివి కావు

ఇది చాలామందికి రుచించదు. అడవిలో మొలిచినంత మాత్రాన మన చెట్టు కాదు. లంటానా కంప చూడండి: నాలుగు పలకల కాండం, ముళ్ళు, గరుకాకులు, ఒకే గుత్తిలో రెండు మూడు రంగుల పూలు. అమెరికా ఖండం నుంచి తోట పూల కోసం తెచ్చారు, ఇప్పుడు అడవి కిందంతా అదే. దారి పక్కన తులసి వాసన వేసే పొదలు చూసి అడవి తులసి అనుకుని దండం పెట్టేవాళ్ళను చూశాను. అందులో చాలాభాగం హిప్టిస్ అనే మొక్క, అదీ అమెరికాదే. సర్కారు తుమ్మ, వయ్యారిభామ సంగతి రైతులకు చెప్పక్కర్లేదు.

తిరుమల ఘాట్ రోడ్డులో పచ్చగా కొడవలి ఆకులతో కనిపించేవి చాలావరకు నాటిన ఆస్ట్రేలియా తుమ్మలు. అవి నిజానికి ఆకులు కూడా కావు, వెడల్పయిన కాడలు. కాయ చెవిలా మెలితిరిగి ఉంటుంది. ఎండాకాలంలో చుట్టూ మానులన్నీ మోడుగా ఉంటే ఒక్కటే పచ్చగా నిలబడి ఉంటే, ముందు దాన్ని అనుమానించండి. వాగు ఒడ్డున అయితే ఈ లెక్క చెల్లదు. తేమ ఉన్న చోట మన నేరేడు, తెల్లమద్ది కూడా పచ్చగానే ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువ గొడవ సీతాఫలం దగ్గర. రాయలసీమ గుట్టలన్నీ అదే, పేరులో సీతమ్మ ఉంది. అయినా అది అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టే. మా ఆవిడ ఈ మాటకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చింతచెట్టు ఆఫ్రికాది అని చెబుదామనుకుని ఊరుకున్నాను.

ఇక అసలైన మనదంటే పేరిత. కొండ ఈత అని కూడా అంటారు. తిరుమల, కడప కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా లేదు. చూడటానికి పొట్టి ఈత చెట్టులా ఉంటుంది కానీ ఈతకూ దీనికీ చుట్టరికం లేదు, పువ్వు పూయని పురాతన జాతి. ఈతకు పండ్ల గెలలు వేలాడతాయి, దీనికి ఉండవు. ఆడచెట్టుకు నడినెత్తిన నూగు కమ్మిన ఆకుల్లాంటి వాటి అంచున గింజలు ఉంటాయి, మగచెట్టుకు పెద్ద కండె వస్తుంది. లేత ఆకు విచ్చుకునేటప్పుడు చూస్తే దాని ముక్కలు గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి. ఎర్రచందనానికి ఉన్నట్టే దీనికి కూడా అంతర్జాతీయ వ్యాపార నిబంధనల రక్షణ ఉంది, నిజానికి దానికంటే గట్టిగా.

చేయి పెట్టకూడనివి

తపసి కాయ ఎర్రగా, ముఖమల్ గుడ్డలా, ఐదు రేకుల నక్షత్రంలా ఎంతో ముద్దుగా ఉంటుంది. చేతిలోకి తీసుకున్నాను. ఆ నూగు వేళ్ళలో దిగి రెండు రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. శాస్త్రీయ నామంలోని 'యూరెన్స్' అనే మాటకు మంట పుట్టించేది అని అర్థమట. ముందే తెలిసుంటే బాగుండేది. దూలగొండి కాయ నూగు దీనికి పెద్దన్న. నల్లజీడి రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, చాకలి గుర్తులు పెట్టడానికి వాడే గింజ అదే. గురివింద గింజ చేతిలో ఉంటే పర్వాలేదు, నోట్లోకి పోకూడదు.

జంతువుల సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 2023లో అలిపిరి దారిలో చిరుత ఒక ఆరేళ్ళ పాపను పొట్టన పెట్టుకుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు వేళల నిబంధనలు అందుకే వచ్చాయి. చెట్టు చూస్తూ గుంపు నుంచి వెనకబడిపోవడం మన రోగం. ఒక్కరే ఉండకండి, పొద్దు వాలకముందే దారి ముగించండి.

ఫోను ఎంతవరకు

మొక్కల యాప్‌లు నేనూ వాడతాను. పువ్వు ఫొటో ఇస్తే బాగానే చెబుతాయి. ఆకులేని మాను ఫొటో ఇస్తే ఏదో ఒక పేరు ధైర్యంగా చెప్పేస్తాయి, నేను డిపో వాళ్ళకు చెప్పినట్టు. అడవిలో సిగ్నల్ కూడా ఉండదు. అక్కడ ఫొటోలు సరిగ్గా తీసుకుని ఇంటికొచ్చి చూసుకోవడం మేలు. ఒక్కో చెట్టుకు ఐదు ఫొటోలు చాలు: దూరం నుంచి మొత్తం చెట్టు, బెరడు, ఆకు ముందు, ఆకు వెనక, కింద రాలింది. బెరడు ఫొటోలో ఐదు రూపాయల బిళ్ళ పెట్టండి, లేకపోతే పగుళ్ళు ఎంత పెద్దవో తర్వాత తెలియదు. కాగితం బెరడు మీద ఆనించి పెన్సిలు అడ్డంగా రుద్దితే పగుళ్ళ అచ్చు దిగుతుంది. నాకు ఫొటో కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది.

నా పుస్తకంలో ఏడో స్టేజీ పేజీ ఇలా ఉంది, అక్షరం మార్చకుండా ఇస్తున్నాను.

"స్టేజీ 7. ఎడమ పక్క, బండ మీద ఆనుకుని.
మార్చి: మోడు. బెరడు నల్ల గళ్ళు. కింద ఐదు రెక్కల కాయలు, గుప్పెడు. మద్ది?
జూన్: చిగురు. ఆకు ఒంటరి. ఇంకా చిన్నది, బుడిపె కనపడలా.
ఆగస్టు: ఆకు పెద్దదయింది. వెనక కాడ దగ్గర బుడిపెలు రెండు. నల్లమద్ది. ఖాయం.
డిసెంబరు: కాయలు పచ్చివి, పైన. కోతి ఒకటి నా పల్లీల పొట్లం ఎత్తుకుపోయింది."